ఎడమవైపు గీతలు

ఆమె భయం ఒక్కటే. ఏదో ఒక రోజు తన భర్త ఎడమవైపు నుంచి వచ్చే మనిషిని చూడకుండా బండితో గుద్దేస్తాడు. ఆ మనిషి నాలుగేళ్ళ తన కూతురే కావచ్చు.

ఈ మాట ఆమె ఎనిమిది నెలలుగా ఎవరితోనూ అనలేదు. కూరగాయలు తరుగుతూ మనసులో అనుకుంది, పిల్లకి జుట్టు దువ్వుతూ అనుకుంది, కప్పుల అంచులకి రంగు గీత గీస్తూ అనుకుంది. పైకి మాత్రం నిన్న సాయంత్రం వేరే మాట అంది. "ఆ బండి మనకెందుకండీ, తిరిగి ఇచ్చేద్దాం" అంది. అంతే. ఆ ఒక్క మాటతో ఇంట్లో నిప్పు రాజుకుంది.

తెల్లారేసరికి అత్తగారు కోడలితో మాటలు మానేసింది. మానేసిందంటే నోరు కట్టేసుకుందని కాదు. ఆ ఇంట్లో మాటలు మానేయడమంటే అనాల్సినవన్నీ పిల్ల చేత మోయించడం.

"బుడంకాయా, స్టవ్ మీద నీళ్ళు ఎవరి కోసం మరుగుతున్నాయో మీ అమ్మని అడుగు."

పిల్ల రొట్టెముక్క బుగ్గన పెట్టుకుని తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నీళ్ళు ఎవరికి?"

"మీ నానమ్మ స్నానానికని చెప్పు."

"నానమ్మా, నీకేనంట."

"నాకు చన్నీళ్ళు చాలని చెప్పు. అన్నం పెట్టే బండి బరువైన వాళ్ళకి గ్యాసు బరువు కాలేదా అని కూడా అడుగు."

అంత పొడుగు మాట మోయడం పిల్ల వల్ల కాలేదు. "అమ్మా, గ్యాసు బరువంట" అని తేల్చేసింది.

ఇంకో రోజయితే ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఈ రోజు గిన్నెలు కూడా మెల్లగా చప్పుడు చేశాయి.

టేబుల్ మీద ఉప్పు డబ్బా కింద వ్యాను లీజు కాగితాలున్నాయి. వాటి పైన ఒకే ఒక్క పేజీ విడిగా ఉంది. అందులో రెండు గళ్ళు. బండి అప్పగిస్తున్నాను అని ఒకటి, ఆఖరి మొత్తం కట్టి బండి ఉంచుకుంటున్నాను అని ఇంకొకటి. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, ఈ సాయంత్రం అయిదు గంటల లోపల లీజు కంపెనీ ఆఫీసులో ఇవ్వాలి. దానికి ముందు, పదింటికి, కంపెనీ మనిషి వచ్చి బండిని చూసి వెళ్తాడు. మూడేళ్ళ లెక్క ఈ రోజుతో సరి.

అత్తగారి వాదనలో తప్పు పట్టడానికేమీ లేదు. అదే కోడలి కష్టం. లాండ్రీలో ఇస్త్రీ మిషను దగ్గర పద్నాలుగేళ్ళు నిలబడి కాళ్ళు వాచిన మనిషి ఆవిడ. కొడుక్కి అదే లాండ్రీలో బండి పని ఇప్పించింది ఆవిడే. హోటళ్ళ దుప్పట్లు, హాస్పిటల్ దుప్పట్లు మురికివి తేవడం, ఉతికినవి ఇచ్చి రావడం. వచ్చే నెల నుంచి సొంత బండి ఉన్నవాళ్ళకే ఆ పని అని ఓనరమ్మ తేల్చి చెప్పింది. బండి ఉంటే పని ఉంటుంది. బండి లేకపోతే లోపల ఉతికే మిషన్ల దగ్గర సగం జీతానికి నిలబడాలి.

"మూడేళ్ళు గడ్డి వేసి మేపి, పాలిచ్చే వేళకి గేదెని ఎవడైనా తోలేస్తాడా" అని నిన్న ఆవిడ అడిగింది.  ఆ గేదెకి పాలతో పాటు కొమ్ములూ ఉన్నాయని కోడలు ఎలా చెబుతుంది?

అసలు ఆవిడ కోపం నిన్నటిది కాదు. రెండు నెలలుగా మరుగుతోంది. ఇంటి ముందు బండి ఉండగా కోడలు పిల్లని నడిపించుకుంటూ బడికి తీసుకెళ్తోంది. ఎండలోనూ అంతే, వానలోనూ అంతే. ఎందుకని అడిగితే పిల్లకి బండిలో వాంతులవుతున్నాయంది. ఆ పిల్ల బతుకులో బండిలో ఒక్కసారి కూడా కక్కలేదని వీధి వీధికీ తెలుసు.

భర్త స్నానం చేసి వచ్చి టేబుల్ దగ్గర కూర్చున్నాడు. భుజాలు వెడల్పు, మాట తక్కువ. అలాంటి మనిషి కోపంగా ఉన్నాడో దిగులుగా ఉన్నాడో చెప్పడం కష్టం. అత్తగారు టీ కప్పు తెచ్చి కొడుకు మోచేతి పక్కన పెట్టింది. ఎడమ మోచేతి పక్కన.

కోడలి చూపు ఆ కప్పు మీదే ఉంది.

అతను రొట్టె తిన్నాడు. కాగితం చూశాడు. కిటికీలోంచి బండిని చూశాడు. కప్పులోంచి ఆవిరి లేస్తూనే ఉంది.

"టీ పెట్టలేదా అమ్మా?" అన్నాడు.

అత్తగారు నవ్వింది. "నీ పక్కనే ఉంది కదరా. పెళ్ళాం మీద కోపం టీ మీద చూపిస్తావేం?"

అతను తల పూర్తిగా తిప్పి కప్పుని చూశాడు. అవునవును, ఏదో ఆలోచనలో ఉన్నానన్నాడు. తిప్పిన తలని వెంటనే వెనక్కి తిప్పుకోలేదు. భార్య చూసిందేమోనని చూశాడు. ఆమె పిల్ల మూతి తుడుస్తున్నట్టు నటించింది.

చలి తగ్గుతున్న రోజుల్లో వారం పాటు వచ్చిన ఆ తలనొప్పి తర్వాత మొదలైంది ఇదంతా. డాక్టరు మాత్రలిచ్చాడు, నొప్పి పోయింది. నొప్పితో పాటు ఇంకేం పోయిందో ఎవరూ అడగలేదు. మొదటి గీత పడినప్పుడు హోటల్ వెనక పార్కింగులో ఎవడో రాసుకుపోయాడని చెప్పాడు. ఆమె నమ్మింది. రెండోసారీ నమ్మింది. అయిదో గీత నాటికి నమ్మకం అయిపోయింది గాని, అప్పటికి అడగడమంటే ముందు చెప్పిన నాలుగూ అబద్ధాలేనని మొహం మీద అనడమే. కక్కలేక మింగలేక ఊరుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే ఆయన ఒక్క ముక్క రాసిస్తే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే ఇల్లు ఆగిపోతుంది.

అందుకే ఆమె ఈ తేదీ కోసం కాచుకు కూర్చుంది. లీజు అయిపోతుంది, బండి దానంతట అదే వెళ్ళిపోతుంది, ఎవరూ ఎవరినీ ఏమీ అననక్కర్లేదు. కేలండరులో ఈ రోజు చుట్టూ గీసిన సున్నా ఆమెదే. అత్తగారేమో అది కొనే రోజని మురిసిపోతోంది.

లీజు కంపెనీ మనిషి పదింటికి అయిదు నిమిషాల ముందే వచ్చాడు. యాభై దాటిన మనిషి. మోకాళ్ళ కింద వేసుకోవడానికి ఒక స్పాంజి దిండు చంకలో, మెడలో తాడుకి వేలాడుతూ సబ్బు బిళ్ళంత మిషను ఒకటి. జేబులో పిప్పరమెంట్లు. వచ్చీ రాగానే పిల్లకి ఒకటి, నానమ్మకి ఒకటి ఇచ్చాడు.

"పెద్దమ్మా, నేను డాక్టరులాంటివాణ్ణే. కాకపోతే నా పేషెంట్లు అబద్ధాలు చెప్పరు" అన్నాడు.

అత్తగారికి ఆ మనిషి వెంటనే నచ్చేశాడు. బండిని ఎలా చూసుకున్నామో చూడు బాబూ, సొంత బిడ్డకి పోసినట్టు నీళ్ళు పోశామని చెప్పింది. అతను తలుపులు తీసి, వెనక దుప్పట్ల మూటలు చూసి, ఇవేమిటన్నాడు. హాస్పిటల్‌వి, ఒంటిగంటన్నరకి అందాలి అని భర్త చెప్పాడు.

తనిఖీ కుడివైపు నుంచి మొదలైంది. కంపెనీ మనిషి దిండు మీద మోకరిల్లి, చెంప బండికి ఆనించి, రేకు వెంట చూపు పారించాడు. ఒక్క గీత లేదు. నొక్కు లేదు. "మూడేళ్ళ బండికి ఇంత శుభ్రమైన పక్క ఈ నెలలో చూడలేదయ్యా" అన్నాడు.

అత్తగారు కోడలి వైపు చూసింది. ఇలాంటి బండినా వదిలేయమంటావు అని ఆ చూపులో ఉంది.

తర్వాత ఎడమవైపు వచ్చాడు. చూసినంత మేరా తెల్లగా, నున్నగానే ఉంది. అయినా అతను ముందు చక్రం పైన ఒక చోట ఆగి, చూపుడు వేలితో నిమిరాడు. మెడలోని మిషను తీసి అక్కడ ఆనించాడు. అది కీచుమంది. ఒక అంకె చూపించింది. జానెడు దూరం జరిపాడు. మళ్ళీ కీచుమంది. అలా ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి వెనక దీపం దాకా, నడుం ఎత్తున, ఒకే వరసలో. ఆమె లోపల్లోపల లెక్కపెట్టింది. పదకొండు. ఆమె లెక్కకి అది సరిగ్గా సరిపోయింది.

"ఇది రంగు మందం కొలిచే మిషను తల్లీ" అన్నాడతను, అడగకముందే. "కంపెనీ రంగయితే ఒక అంకె. పైన ఇంకో పూత పడితే దానికి మూడింతలు. ఈ పూత ఏ షెడ్డులో వేయించారు?"

జవాబు కోసం ఆగకుండా అతను మళ్ళీ అక్కడే వేలితో నిమిరాడు.

"షెడ్డువాళ్ళు వేస్తే పెద్ద మచ్చలా వేస్తారు. ఇది సన్న కుంచె. గీత ఎంతుందో పూతా అంతే ఉంది, వెంట్రుకంత అటూ ఇటూ కాలేదు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటి పనితనం చూడలేదు. ఎవరిదమ్మా ఈ చెయ్యి?"

ఆమె చెయ్యి. తొమ్మిదో తరగతిలో బడి మానిపించి కప్పుల ఫ్యాక్టరీలో కూర్చోబెడితే, అంచులకి నీలం గీత గీయడం నేర్చుకున్న చెయ్యి. పెళ్ళయ్యాక కప్పులు ఇంటికే తెచ్చుకుని గీస్తోంది. గీతలుంటే అప్పగించే రోజు డబ్బు పట్టుకుంటారని లీజు కాగితాల్లో వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది. అందుకే గీత పడిన ప్రతి సాయంత్రం భర్త స్నానానికి వెళ్ళగానే కుంచె పట్టుకుని వీధిలోకి వచ్చేది. తెల్లరంగులో బూడిదరంగు బొట్టు కలిపి, బండి రంగుకి సరిగ్గా తెచ్చేది. తర్వాత పేజీ అప్పుడు చదవలేదు.

ఆ పేజీలో ఏముందో ఇప్పుడు కంపెనీ మనిషి చెప్పాడు. గీత ఉంటే ఒక ఛార్జీ. గీతని చెప్పకుండా కప్పిపెడితే రెండింతలు. ఆ చోట రంగంతా గీకి మళ్ళీ వేయాలి కాబట్టి. అన్నీ కలిపితే ఎంతవుతుందో కాగితం మీద రాసి భర్తకి చూపించాడు. అతని మొహం పాలిపోయింది.

"నేనే వేశాను" అంది ఆమె.

అత్తగారు నిన్న రాత్రి తర్వాత మొదటిసారి కోడలితో నేరుగా మాట్లాడింది. "నువ్వా? నీకు బండి తోలడం రాదు కదే. గుద్దింది ఎవరు?"

కంపెనీ మనిషికి ఆ ప్రశ్న వినపడిందో లేదో. ఇళ్ళల్లో గొడవలు చాలా చూసినవాడు. దిండు చంకలో పెట్టుకుంటూ ఒక మంచి మాట చెప్పి వెళ్దామనుకున్నాడు పాపం. బండి అప్పగిస్తేనే ఈ ఛార్జీలు, కొనుక్కుంటే ఏమీ ఉండవు, ఎవరి బండి గీతలు వాళ్ళవి అన్నాడు. కొంటామని టిక్కు పెడితే ఈ ఛార్జీల కాగితం తనే చింపేస్తానన్నాడు. మధ్యలో ఒక్కమాట మాత్రం గొంతు తగ్గించి భర్తతో అన్నాడు.

"తమ్ముడూ, కుడివైపు ఒక్కటీ లేదు. ఎడమవైపు పదకొండు. ఒకసారి కళ్ళు చూపించుకో."

అయిదింటికి ఆఫీసు మూసేస్తారని గుర్తుచేసి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

అత్తగారి మొహంలో అప్పటికే వెలుగు వచ్చింది. ఆవిడ విన్నది ఛార్జీలు ఉండవన్న మాట ఒక్కటే. "చూశావా, దేవుడే దారి చూపించాడు. ఇచ్చేస్తే ఎదురు కట్టాలి. కొంటే మనది. ఇంకేం ఆలోచిస్తావురా నాన్నా, పెట్టు సంతకం."

తన చేత్తో తను గీసిన పదకొండు గీతలు తన దారికే కంచె వేశాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక దాచి లాభం లేదు.

"ఆయనకి ఎడమవైపు కనిపించదు అత్తయ్యా" అంది.

గట్టిగా అనలేదు. పక్కింటి డాబా మీద బట్టలారేస్తున్న మనిషికి కూడా వినపడనంత మెల్లగా అంది. అయినా అతను దెబ్బ తిన్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

"ఏం కూశావు?"

"ఎనిమిది నెలలైంది. ఆ తలనొప్పి వచ్చినప్పటి నుంచి. పొద్దున టీ కప్పు మీరే పెట్టారు. మీరే నవ్వారు."

అత్తగారు కొడుకు వైపు తిరిగింది. కాదను అన్నట్టు చూసింది. అతను కాదనలేదు. భార్యతోనే మాట్లాడాడు.

"నీకు తెలుసని నాకు తెలుసు."

"ఏంటండీ?"

"గీత పడినప్పుడల్లా నీ బొటనవేలి గోటి మీద తెల్లరంగు ఉండేది. మొదటిసారి అడుగుతావేమోనని చూశా. అడగలేదు. పొద్దున లేచి చూస్తే బండి మీద గీత లేదు. రెండోసారీ అంతే." అతను భార్య చేతి వేళ్ళ వైపు చూశాడు. "చూసినా నడుపుకోమంటున్నావనుకున్నా. నువ్వే ఆపకపోతే అంత ప్రమాదం లేదేమో అనుకున్నా."

 ఆ పూతలన్నీ ఆమె అతని పరువు కోసం, ఇంటి డబ్బు కోసం వేసింది. అతనేమో వాటిని ఒక్కొక్కటిగా అనుమతి కాగితాల్లా దాచుకున్నాడు.

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"చెబితే నిజమైపోతుంది." అతను బండి మీద అరచెయ్యి ఆనించాడు. "కొత్త బండి నావల్ల కాదు. ఇది ఎంత వెడల్పో నా ఒంటికి తెలుసు. ఏ సందు దగ్గర ఎంత తిప్పాలో చేతులకి తెలుసు. ఇది పోతే నేనిక దేన్నీ నడపలేను. అందుకే కొందామన్నా."

అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత కోపం తెచ్చుకుంది, ఇంకేం తెచ్చుకోవాలో తెలియక. పట్టపగలు కళ్ళు నిక్షేపంలా ఉన్న బిడ్డని గుడ్డివాణ్ణి చేస్తున్నావంది. బండి నచ్చకపోతే నచ్చలేదని చెప్పు గాని లేనిపోని రోగం అంటగట్టకంది. నా కొడుకు మొన్ననే సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడంది.

అప్పటిదాకా పిప్పరమెంటు చప్పరిస్తున్న పిల్ల నానమ్మ చీర కొంగు లాగింది.

"నానమ్మా, దాగుడుమూతల్లో నాన్న నన్ను పట్టుకోలేడు."

"ఉండవే నువ్వు."

"నిజంగా. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఈ పక్కన ఊరికే నిలబడితే చాలు." పిల్ల వెళ్ళి తండ్రి ఎడమ కాలి పక్కన, మూరెడు దూరంలో, బిగదీసుకుని నిలబడింది. నోటి మీద వేలు పెట్టుకుంది. "నాన్నా, నేనెక్కడున్నా?"

అతను మాట వచ్చిన దిక్కుకి తల తిప్పబోయి ఆగిపోయాడు. తిప్పితే కనపడదని ఒప్పుకున్నట్టే, తిప్పకపోయినా ఒప్పుకున్నట్టే. కూతురు అక్కడుంది. అతని చూపు తిన్నగా గేటు మీద ఉంది. కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి.

"నేనే గెలిచా" అంది పిల్ల.

అత్తగారు మెట్టు మీద చతికిలబడింది. పడినట్టే కూర్చుంది. పెదాలు తెల్లబడ్డాయి. నీళ్ళు, నీళ్ళు అంటూ కోడలు లోపలికి పరుగెత్తింది, పిల్లని చంకనేసుకుని. కుండలో గ్లాసు ముంచుతుండగా వినిపించింది.

బండి స్టార్టు చేసిన చప్పుడు.

గ్లాసుతో బయటికి వచ్చేసరికి గేటు తెరిచి ఉంది. అత్తగారు మెట్టు మీంచి లేవబోయి లేవలేక, చెయ్యి చాచి వీధి చివరి వైపు చూపిస్తోంది. హాస్పిటల్‌లో దుప్పట్లు లేక మంచాలు ఖాళీగా ఉంటాయమ్మా, ఇచ్చేసి వచ్చేస్తా అని వెళ్ళాడట. వద్దురా అందట ఆవిడ. ఆ మాట నోట్లోంచి పూర్తిగా రాలేదట.

టేబుల్ మీద ఉప్పు డబ్బా అలాగే ఉంది. ఆ రెండు గళ్ళ కాగితం లేదు. దాని స్థానంలో అతని ఫోను ఉంది, ఆమె కుండ దగ్గర ఉండగా వచ్చి పెట్టి వెళ్ళినట్టున్నాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో గంటలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. అత్తాకోడళ్ళు ఇద్దరూ ముందు గదిలోనే ఉన్నారు. ఒకరు లేస్తే ఒకరు కూర్చున్నారు. ఒకసారి అత్తగారు, ఎవరినీ అడుగుతున్నట్టు కాకుండా, ఎనిమిది నెలలు ఇదంతా ఒక్కదానివే ఎలా మోశావే అంది. ఇంకోసారి, నాకు చెప్పి ఉంటే వాడి చెవి పట్టుకుని డాక్టరు దగ్గర కూలేసేదాన్ని కదే అంది. అంటూనే తల వంచుకుంది. చెప్పి ఉంటే ఏం చేసేదో పొద్దున అందరూ విన్నారు.

రెండింటికి లాండ్రీకి ఫోను చేశారు. హాస్పిటల్‌కి దుప్పట్లు ఒంటిగంట ఇరవైకే అందాయని, సంతకం కూడా పెట్టారని ఓనరమ్మ చెప్పింది. మురికి మూటలతో రెండింటికల్లా రావాలి, ఇంకా రాలేదంది. మూడింటికీ రాలేదంది. నాలుగింటికి ఆవిడే ఎదురు ఫోను చేసి, మీవాడు ఇంటికొచ్చాడా అని అడిగింది.

పావు తక్కువ అయిదుకి అతని ఫోను మోగింది. ఇద్దరూ ఒక్కసారే చెయ్యి చాచారు. కోడలు ఎత్తింది. కంపెనీ మనిషి. కాగితం ఇంకా రాలేదమ్మా, నేను ఆఫీసు గేటు దగ్గరే ఉన్నా, ఒక పావుగంట తలుపు వేయకుండా ఆపగలను, ఏదో ఒకటి టిక్కు పెట్టి పంపించండి అన్నాడు. కొన్నా సరే, వదిలినా సరే.

"మనిషి రాలేదండీ" అంది ఆమె.

 అతను కాగితం సంగతి వదిలెయ్ తల్లీ అన్నాడు. ఆ మాటకి ఆమెకి ధైర్యం రావాల్సింది. రాలేదు. ఆమె ఫోను పెట్టేసి గుమ్మంలోకి వచ్చి రోడ్డు వైపు చూసింది.

అత్తగారు చెప్పులేసుకుంది. మోకాళ్ళు మాట వినకపోతే విప్పి, మళ్ళీ వేసుకుంది. చివరికి కోడలి చేతిలో గొడుగు పెట్టి, "అమ్మాయ్, నువ్వు వెళ్ళు. ఫోను దగ్గర నేనుంటా" అంది. "కనిపిస్తే తిట్టకు. బండి తాళం అడగకు. ముందు ఇంటికి తీసుకురా."

ఆమె పిల్లని ఎత్తుకుని వీధిలోకి వచ్చింది. మూడు రోడ్ల కూడలి దాకా నడిచింది. ఒకటి హాస్పిటల్‌కి, ఒకటి లాండ్రీకి, ఒకటి ఊరి బయటికి. తెల్ల బళ్ళు ఎన్ని వెళ్ళాయో. ప్రతి బండికీ ఆమె ఎడమ పక్కే చూసింది. ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడకూడదని అంత నేర్పుగా చెరిపేసిన ఆ గీతలు ఇప్పుడు ఉండి ఉంటే, ఇంత దూరం నుంచే గుర్తుపట్టేది కదా అనుకుంది. పిల్ల భుజం మీద తల వాల్చి, నాన్న ఆటాడుతున్నాడా అని అడిగింది. ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

ఆమెకి ఉన్నవి రెండు కాళ్ళు. రోడ్లు మూడు. అందుకని ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. మీ వీధి మలుపులోనో, మీ ఆఫీసు వెనకాలో ఒక తెల్ల బండి చాలాసేపటి నుంచి ఆగి ఉందేమో, వెనక మురికి దుప్పట్ల మూటలు, స్టీరింగు మీద ఒక కాగితం పెట్టుకుని ఒక వెడల్పాటి భుజాల మనిషి కూర్చుని ఉన్నాడేమో, లేచి ఒక్కసారి చూసి రండి. కుడివైపు అద్దం మీద మెల్లగా తట్టండి. కొన్నావా, వదిలేశావా అని అడక్కండి. బాగున్నావా బాబూ అని అడగండి. అతను ఏమన్నాడో ఆమెకి చెప్పండి.